పిలుపు ఎవురిదో బేరం వానిదే

నంద్యాల బస్టాండు బయట జీపుల అడ్డాలో ఎవరూ రాయని చట్టం ఒకటుంది. పిలుపు ఎవరిదో బేరం వాడిది. నువ్వు గొంతు చించుకుని పిలిచిన మనిషిని పక్కవాడు తన జీపులో ఎక్కించుకున్నాడా, ఆ పూట వాడి చొక్కాకు గుండీలు మిగలవు. ఆళ్లగడ్డ జీపుకు జనాన్ని పిలిచే మౌలాలికి బడిలో ఎక్కాలు రాలేదు గానీ ఈ చట్టం మాత్రం బాగా వంటబట్టింది.

"ఆళ్లగడ్డాళ్లగడ్డాళ్లగడ్డా, అయ్యలూరుమెట్ట, శిరివెళ్లమెట్ట, నల్లగట్లా" అని ఊపిరి తిప్పుకోకుండా పిలిచేవాడు. అందులో ఏదో దరువుండేది. ఎక్కే పని లేనివాళ్లు కూడా నిలబడి వినేవాళ్లు.

తొంభై ఎనిమిదిలో స్నేహితుడు చంద్ర దాన్ని పాట చేద్దామన్నాడు. వాళ్ల నాయనది కేబుల్ టీవీ. ఇంట్లో కీబోర్డూ ఉంది, టీవీలో అమెరికా కుర్రాళ్లు గడగడా పాట అప్పజెప్పడం చూసిన జ్ఞానమూ ఉంది.

"దీన్ని ర్యాప్ అంటారప్పా" అన్నాడు.

"మేము ఆడ దినామూ చేస్తాండేది అదే గదా" అన్నాడు మౌలాలి.

చర్చి వీధి జయరాజు డప్పు తెచ్చాడు. ముగ్గురూ మెట్ట గ్యాంగు అని పేరు పెట్టుకుని వినాయక నిమజ్జనాల్లో, కాలేజీ ఫంక్షన్లలో ఊరిని ఊపేశారు. పాట కట్టేదీ పాడేదీ మౌలాలే.

హైదరాబాదు నుంచి క్యాసెట్ల కంపెనీ ఆయన వచ్చాడు. గొంతు మౌలాలిదే కావాలట. అట్ట మీద బొమ్మ మాత్రం చంద్రది. స్టేజీ మీద పెదాలు కదిపేది కూడా చంద్రే. మౌలాలి తెర వెనక టేపు చూసుకుంటే చాలట. మౌలాలి మొహం నిండా చిన్నప్పుడు అమ్మవారు పోసిన మచ్చలున్నాయి లెండి. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా?

"ముందు క్యాసెట్ రానీరా, తర్వాత చూసుకుందాం" అని చంద్ర బతిమాలాడు. మౌలాలి సరేనన్నాడు. అడ్డా మనిషి చేయరాని తప్పు అది. తన పిలుపుకొచ్చిన బేరాన్ని తానే చేయిపట్టి పక్క జీపు ఎక్కించాడు.

క్యాసెట్ విడుదల సభ ఆళ్లగడ్డలో పెట్టారు. తెర సందులోంచి మౌలాలికి ముందు వరసలో కూర్చున్న వాళ్లమ్మ హజీరా కనబడింది. టేపు మొదలవగానే ఆమె మొహం వెలిగింది. పక్కనున్నామెను గిల్లి, "నా కొడుకు గొంతు" అంది. ఆ పక్కామె స్టేజీ మీది తెల్లటి చంద్రను చూసి, హజీరాను ఎగాదిగా చూసి, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. హజీరా తల దించుకుంది.

అది చూసి మౌలాలి టేపు ఆపేశాడు.

చంద్ర పెదాలు ఇంకా కదులుతున్నాయి. జనం గొల్లుమన్నారు. మౌలాలి తెర తోసుకుని వచ్చి మైకు ముందు నిలబడ్డాడు.

"ఆళ్లగడ్డాళ్లగడ్డాళ్లగడ్డా..."

"ఓయ్, మన జీపు మౌలాలి రా" అని ఎవరో అరిచారు. ఆ దోవన తిరిగేవాళ్లలో ఆ గొంతు తెలియనిదెవరికి? మౌలాలి అందుకున్నాడు.

"అయ్యలూరుమెట్ట కాడ టైరు ఉడుకుతాంది,
శిరివెళ్లమెట్ట కాడ కడుపు ఉడుకుతాంది,
నల్లగట్ల దాటినాక నోరు మూయమంటాండరు,
మూసేదానికి ఇది అంగడి తలుపు కాదప్పా, గొంతు!"

జయరాజు ఒక్క క్షణం చంద్ర వైపు చూసి, డప్పు మీద దెబ్బ వేశాడు. హజీరా తలెత్తి పక్కామె వైపు చూసింది.

"ఇంక క్యాసెట్ అన్న మాట మర్చిపో" అన్నాడు కంపెనీ ఆయన, మౌలాలి స్టేజీ దిగుతుంటే.

"నీ క్యాసెట్టే గదా మర్చిపోవాల్సింది" అన్నాడు మౌలాలి.

గ్యాంగు ఆ సాయంత్రమే చెదిరిపోయింది. జయరాజు పెళ్లి మేళాల్లో చేరాడు. మౌలాలి ఒక్కడే నంద్యాలలో పెళ్లి వీడియోలు తీసే స్టూడియోలో కూర్చుని పాటలు నింపాడు. క్యాసెట్ అట్ట నిండా తన మచ్చల మొహమే వేయించాడు. ఆ క్యాసెట్ జీపుల వాళ్లు వేశారు, తర్వాత బేతంచెర్ల నాపరాతి బండలు మోసే లారీల వాళ్లు వేశారు. బండలు ఎక్కడికి పోతే పాట అక్కడికి పోయింది. బెంగుళూరులో పిలిచారు, బళ్లారిలో పిలిచారు, ఒక్కడే వెళ్లి పాడి వచ్చాడు.

రెండువేల మూడులో కంపెనీ ఆయన మళ్లీ అడ్డాకొచ్చాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు.

"మౌలాలి గారూ, హైదరాబాదులో పెద్ద ప్రోగ్రాం. ఈ మెట్టల పేర్లు మాత్రం తీసేద్దాం. శిరివెళ్లమెట్ట అంటే అక్కడ ఎవరికి తెలుసు? మీ పేరు కూడా కాస్త స్టైలుగా..."

మౌలాలి ఆళ్లగడ్డ జీపు తలుపు తెరిచాడు.

"ఎక్కు సారూ. దోవ పొడుగునా నా పాటే వస్తాది. పేరు మారదు, ఊరు మారదు. నచ్చకుంటే శిరివెళ్లమెట్ట కాడ దిగిపో, ఇంకో జీపోడు పిలుస్తాంటాడు."

కంపెనీ ఆయన ఎక్కాడు. శిరివెళ్లమెట్ట వచ్చింది. డ్రైవరు జీపు ఆపి, వెనక్కి తిరిగి చూశాడు.

ఆయన దిగలేదు.