కాశీరాం అడగడు

నాందేడ్‌లో వాళ్ల గల్లీకి మూడు రోజులకోసారి నల్లా వస్తుంది. వచ్చిన రోజు పొద్దున్నే భీమవ్వ మంచం దిగకుండానే చెబుతుంది.

"రెండు బిందెలు నల్లా కింద పెట్టు. అంచు దాక నిండనియ్యి. నిండినంక నల్లా బందు చెయ్యి. బిందెలు తెచ్చి గడప లోపల ఎడమదిక్కు గోడకు ఆనిచ్చి పెట్టు."

బిందెలు లేచి నడుము ఎత్తున బయటికి పోతాయి. నల్లా దగ్గర ఆడవాళ్లు కాస్త జరుగుతారు. "కాశీరాం మామ ముందు పట్టుకోని, మనకింకా పొద్దుంది" అంటుంది పక్కింటి రఖమాబాయి. కాసేపటికి బిందెలు నిండుగా తిరిగొచ్చి గోడ పక్కన కూర్చుంటాయి. చుక్క తొణకదు.

భీమవ్వ పెనిమిటి కాశీరాం చనిపోయి పదకొండేళ్లు. బతికినన్నాళ్లు బిలోలి తాలూకాలో ఒక పాటిల్ దగ్గర జీతం ఉన్నాడు. ఎందుకని అడిగిన మనిషి కాదు. పోయిన పదమూడో రోజు నుంచి ఇంట్లో ఎవరేం చెప్పినా చేస్తున్నాడు. మాట్లాడడు, కనపడడు. పని అయిందంటే అదే జవాబు.

వినేవాళ్లకు ఇది సుఖంగా తోస్తుంది. ఆ ఇంట్లో ఉండేవాళ్లకు మాత్రం తమ నోరంటే భయం. ఒకసారి కొడుకు దేవిదాస్ రేడియో గరగరకు విసిగిపోయి "ఆ మూలకున్నది తీసెయ్" అన్నాడు. రేడియో పోయింది. ఆ మూలనే కట్టేసి ఉన్న మేకపిల్ల కూడా పోయింది. మోరీల్లో వెతికారు, గోదావరి ఒడ్డు దాకా పోయి వెతికారు. కాశీరాం తీసేసినవి ఎక్కడికి పోతాయో ఎవరికీ తెలియదు. తిరిగి రావని మాత్రం తెలుసు.

చెప్పిన మాట మధ్యలో మార్చడానికి కూడా లేదు. మొదటి పని పూర్తిచేశాకే రెండోది అందుకుంటాడు. "ఆపు" అనే మాటొకటి ఉంది గానీ, అది అననని భీమవ్వ మొదట్లోనే అందరి చేతా ఒట్టు పెట్టించింది. "'ఇగ పని ఆపు కాశీరాం' అన్నడు పాటిల్. ఇంటికచ్చి పండిండు, మల్ల లేవలే. ఆ మాటంటే ఇగ రాడు" అంది.

అందుకే దేవిదాస్ కూతురు తృప్తి, ఇరవై ఏళ్లొచ్చినా, ఎవరికీ ఏ పనీ చెప్పదు. "నీళ్లుంటే బాగుండు" అంటుంది తప్ప "నీళ్లు తే" అనదు. అట్లాంటి పిల్లను తీసుకుపోయి కంప్యూటర్ షెల్ ముందు కూర్చోబెట్టారు.

స్టేషన్ రోడ్డులో ఒక మేడ మీద ఉంది ఆ క్లాసు. సర్వర్లు చూసుకునే పని నేర్పుతారు. నల్లటి తెర, దాని మీద మిణుకుమిణుకుమనే తెల్లటి గీత. బొమ్మలు లేవు, మౌసుతో పని లేదు. ఏం కావాలన్నా టైపు చేసి ఆజ్ఞాపించాలి. నేర్పే శుభాంగి మేడంది తెలంగాణ సరిహద్దున ఉన్న ధర్మాబాద్. పాఠం మరాఠీ, తెలుగు కలిపి చెబుతుంది, తిట్లు అచ్చ తెలుగులో తిడుతుంది.

"ముందు పీడబ్ల్యుడీ కొట్టుర్రి" అంది మొదటి రోజు.

"రోడ్లేస్తదా మేడం?" అన్నాడు వెనక నుంచి మంగేశ్.

"నీ తలకాయేస్తది. నువ్వు ఏ ఫోల్డర్ల ఉన్నవో చెప్తది. ఎక్కడున్నవో తెల్వకుండ హుకుం ఇయ్యొద్దు. తర్వాత ఎల్ఎస్. అండ్ల ఏమేమున్నయో సూపెడ్తది. ఇగ ఆర్ఎం అంటే తీసేసుడు. ఇది నిజంగనా అని అడగదు. చెప్పింది చేస్తది. చేసినంక ఏమనదు. ఏమనలేదంటే పనైపోయిందన్నట్టు."

 ఇట్లాంటి మనిషి తృప్తికి తెలుసు.

నెల గడిచేసరికి మిగతావాళ్లు టకటకా కొడుతున్నారు. తృప్తి కమాండ్ తప్పు లేకుండా టైపు చేస్తుంది. ఎంటర్ దగ్గరికి వచ్చేసరికి వేలు మీట మీద నిలబడిపోతుంది. 

"నీ వేలుకు ముహూర్తం పెట్టియ్యాల్నా?" అంది మేడం. ఆ తర్వాత కాస్త తగ్గి, ఒక ఉపాయం చెప్పింది. "కొట్టే ముందు ఆ కమాండ్ ఏమంటుందో నీ మాటల్ల నువ్వే చదువుకో. అర్థమైతే భయం పోతది."

తృప్తి పెదవులు కదిపి చదువుకునేది. గొంతు మాత్రం బయటికి రానిచ్చేది కాదు.

సోమవారం ప్రాక్టికల్. పాసైతే అక్కడే సర్వర్ గదిలో ఉద్యోగం. కాకపోతే మంగళవారం, చెరకు కోతకు కూలీలను తోలుకుపోయే ముకద్దం ట్రక్కు ఎక్కాలి. తల్లి ద్రౌపది దసరా వెళ్లగానే చెరకు కోతకు పోయింది. ఆమె జోడీ మనిషి కాలు నరుక్కుని వెనక్కొచ్చింది. ఆ కొడవలి ఖాళీగా ఉందని ముకద్దం రెండుసార్లు కబురంపాడు.

ఆదివారం మధ్యాహ్నం దేవిదాస్ మోంఢా మార్కెట్‌లో బస్తాలు మోయడానికి పోయాడు. తృప్తి క్లాసు వాళ్లిచ్చిన పాత ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని గుమ్మానికి దగ్గరగా కూర్చుంది. ఉన్నది ఒకటే గది. వెనక గోడ వారగా నులక మంచం మీద భీమవ్వ. తృప్తి ఉత్తుత్తి ఫైళ్లు పది చేసి పెట్టుకుంది. ఆర్ఎం రాసింది, పక్కన 'అన్నీ' అని అర్థమిచ్చే నక్షత్రం గుర్తు పెట్టింది. పెదవులు కదిపింది. వేలు లేవలేదు. మళ్లీ పెదవులు కదిపింది.

"ఏందే, మంత్రాలు సదువుతున్నవా?" అంది భీమవ్వ.

"పరీక్షకు అవ్వా."

"పరీక్షల ఏమడుగుతరు? జెర గట్టిగ చెప్పు, నాకినపడది."

ముసలామె చెవికి అందేలా తృప్తి గొంతు పెంచింది. "గిది రాస్తే ఏమన్నట్టంటే, ఇక్కడున్నయన్నీ తీసెయ్, ఎవల్నీ అడగకు అన్నట్టు."

అన్నాక ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

గుమ్మం పక్కన ఉన్న చెప్పులు లేచాయి. గడప దాటాయి. దాటాక లేవు.

తర్వాత చీపురు. తర్వాత బిందెలు రెండూ, నీళ్లతో సహా. కాశీరాం పొలంలో సాలు పట్టినట్టే పట్టాడు, గుమ్మం దగ్గర మొదలుపెట్టి, ఎడమ గోడ నుంచి కుడి గోడకు, ఒక వరస అయ్యాక ఇంకో వరస. తొందర లేదు. స్టవ్ పోయింది. దాని మీద సగం మరిగిన పప్పు పోయింది. బియ్యం డబ్బా పోయింది. తృప్తి ల్యాప్‌టాప్ పట్టుకుని వెనక్కి జరిగింది. ఇప్పటిదాకా తను కూర్చున్న చోట గోనెసంచి లేచిపోయింది. ఇక్కడున్నయన్నీ అంటే తను కూడా అని అప్పుడు తట్టింది.

"తాతా, అవ్వను తియ్యకు!" అని అరిచింది. అది రెండో మాట. మొదటిది అయ్యాకే వింటాడు.

రెండో వరసలో దండెం మీది బట్టలు పోయాయి. గోడకున్న కాశీరాం ఫొటో మేకుతో సహా ఊడి, ముఖం ఇటే పెట్టుకుని బయటికి పోయింది. ఆయనకు ఉన్నది ఆ ఒక్క ఫొటోనే.

ల్యాప్‌టాప్‌ను చంకలో ఇరికించుకుని తృప్తి మంచం దగ్గరికి ఉరికి, భీమవ్వ రెక్క పట్టుకుంది. "లే అవ్వా, బయటికి పోదాం."

భీమవ్వ మంచం పట్టె పట్టుకుంది. "నా మోకాళ్లు నీకు తెల్వదా? ఇడువు. నువ్వు పో."

"తీస్కపోతడే!"

"తీస్కపోనీ." ముసలామె గొంతులో భయం లేదు. అదే తృప్తిని ఎక్కువ భయపెట్టింది. "పదకొండేండ్ల సంది నీళ్లు తెచ్చిండు, కట్టెలు తెచ్చిండు. ఒక్కనాడన్న నన్ను తీస్కపోలే. ఇయ్యాల ఎవలో చెప్పిండ్రు, పోతున్న. ఆ మాట మాత్రం అనకు. ఒట్టు పెట్టినవ్."

మంచం కాళ్లు నేల వదిలాయి. ఒక బెత్తెడు, రెండు బెత్తెలు. గుమ్మం వైపు తిరిగింది. తృప్తి ఒక్క చేత్తో పట్టె పట్టుకుని లాగింది. ఎద్దుల బండిని లాగినట్టుంది. పాదాలు నేలను రాసుకుంటూ ఆమె కూడా మంచంతోపాటే కదిలింది. గడప ఇంకా మూడు అడుగులు.

"ఆపు!" అంది తృప్తి. "ఆపు తాతా! చాలు!"

ఇరవై ఏళ్లలో ఆమె తెలిసి ఇచ్చిన ఆజ్ఞల్లో నెరవేరిన మొదటిది అది.

మంచం దబ్బున పడింది. గదిలో ఏ చప్పుడూ లేదు. అయితే అది పని పూర్తయిన నిశ్శబ్దమో మరొకటో తెలియలేదు. భీమవ్వ గోడ వైపు తిరిగి పడుకుంది.

దీపాలు పెట్టే వేళకు దేవిదాస్ వచ్చాడు. గుమ్మంలో నిలబడి నాలుగు గోడలూ చూశాడు.

"ఎవలన్నరు?"

"నేనే బాపు."

"ముసలాయన?"

"ఆపిన."

ఆయన భుజం మీది తువ్వాలు దులిపి, ఒక బిందె, ఒక గిన్నె కొనుక్కు రావడానికి మళ్లీ బయటికి పోయాడు.

తెల్లవారి భీమవ్వ గోడకేసి చూస్తూనే చెప్పింది. "బిందె రఖమాబాయి ఇంట్ల నింపు, గడప లోపల ఎడమదిక్కు పెట్టు." బిందె కదల్లేదు. ముసలామె రెండోసారి చెప్పలేదు. తృప్తి పోయి తెచ్చింది. ఆ నీళ్లు భీమవ్వ తాగలేదు.

ప్రాక్టికల్‌లో ఒక ఫోల్డర్ ఇచ్చి పాత ఫైళ్లు తీసేయమన్నారు. మిగతావాళ్లు పది నిమిషాల్లో లేచారు. మంగేశ్ ఐదు నిమిషాలకే ముగించి, వాచీ చూపించి నవ్వాడు. తృప్తి తను ఎక్కడుందో చూసుకుంది. అందులో ఏమేమున్నాయో చూసింది. ఒక్కొక్క ఫైలు పేరు రాసి, ఒక్కొక్కటే తీసింది. తీసిన ప్రతిసారీ మళ్లీ చూసింది. నలభై నిమిషాలు పట్టింది. పాత వాటి మధ్య మేడం దాచిపెట్టిన కొత్త ఫైలు ఒకటి ఆమె దగ్గర తప్ప ఎవరి దగ్గరా మిగల్లేదు. మంగేశ్ నవ్వు ఆపాడు.

"ఇంకా భయమేనా?" అంది శుభాంగి మేడం.

"ముందటికంటే ఎక్కువుంది మేడం."

"మంచిది. ఒకటో తారీఖు సంది రా. పొద్దున తొమ్మిదింటికి."

ఇల్లు చేరేసరికి ఎండ గుమ్మంలోకి వచ్చింది. భీమవ్వ నిన్నటి నుంచి మొదటిసారి ఇటు తిరిగింది.

"నౌకరి అచ్చిందా?"

"అచ్చిందవ్వా."

"సరే గని. ఆయన ఉన్నడా, పోయిండా? నా మాట ఇంటలేడు. ఆపినదానివి నువ్వు. నువ్వే ఏదన్న చెప్పి సూడు."

తృప్తి గది మధ్యలో నిలబడింది. ఏదో ఒకటి తెమ్మనవచ్చు. తేకపోతే ఆయన లేనట్టు, ముసలామె ప్రాణం అక్కడే పోతుంది. తెస్తే ఉన్నట్టు, ఇక మళ్లీ నీళ్లు, కట్టెలు, ఇంకో పదకొండేళ్లు. రెండిట్లో ఏది జరిగినా భయమే.  చివరికి ఖాళీ గదిని అడిగింది.

"తాతా, జెర కూసుంటవా?"

"ఏమంటున్నవే?" భీమవ్వ ఉలిక్కిపడింది. "ఆయన్ని గట్ల అడుగుతరా ఎవలన్న?"

ఎవరూ అడగలేదు, నిజమే. పాటిల్ అడగలేదు. కొడుకు, కోడలు, చివరికి భీమవ్వ కూడా అడగలేదు.

ఏమీ కాలేదు. గల్లీలో ఎవరో సైకిల్ స్టాండు వేశారు. తృప్తి కళ్లు మూసుకుంది.

అప్పుడు నులక కిర్రుమంది. మంచం కాళ్ల వైపు, మెల్లగా, అలవాటు లేని మనిషి అంచున ఒదిగినట్టు, తాళ్లు కిందికి దిగాయి.

భీమవ్వ కాసేపు ఆ పల్లం వైపు చూసింది. తర్వాత కాళ్లు ముడుచుకుని జాగా ఇచ్చింది.