ఉత్తర మూలలో తెల్ల డబ్బా

నానిన అనపగింజల్ని వేళ్ల మధ్య నొక్కి పొట్టు తీస్తూ, పక్కన పెట్టుకున్న సోనార్ తెరను మళ్లీ చూశాను.

మండికల్ దాటాక వచ్చే మా ఊరి వెనక క్వారీ మూతపడి పదకొండేళ్లు. గుంత నిండా నీళ్లే. సిలిండర్లు కట్టుకుని అందులో డైవింగ్ చేయడానికి బెంగళూరు నుంచి ఆరుగురు ఈ పూటే వస్తున్నారు. వాళ్లు దిగే చోటు వెతకడానికి మా అన్న చేతన్ పడవకు ఈ సోనార్ బిగించాడు. అన్న తెడ్డు వేస్తే నేను తెర చూసేదాన్ని. పడిన గీతలు అందులోనే దాగుంటాయని, తెర విప్పి ఇంటికి తెచ్చుకున్నాను.

శబ్దం అడుగుకు తగిలి తిరిగొచ్చి తెర మీద గీత అవుతుంది. బురదైతే గీత మందంగా, మసకగా ఉంటుంది. బండైతే సన్నగా మెరుస్తుంది. ఉత్తర మూలలో నలభై అడుగుల కింద చదునైన బండ ఉంది. వాళ్లు దిగాల్సింది అక్కడేనని గుర్తుగా, అన్న తెల్ల డబ్బాకు తాడు కట్టి తేలవేశాడు. కానీ ఆ బండ మీద నుంచి నాలుగు గీతలు పైకి లేచి, ఒకదానిలో ఒకటి చిక్కుకుని కనిపిస్తున్నాయి.

"చేపలులే," అన్నాడు అన్న చొక్కా తొడుక్కుంటూ.

"చేపలైతే కదలవా అన్నా? మూడు దినాలుగా ఆడనే ఉండాయి."

"ఓహో, డాక్టరమ్మ స్కానింగ్ చెప్తాండాది! ఆడ ఏమీ లేదని నాయన చెప్పినాడు గదా రూపా. నాయన కంటే ఆ పెట్టెకే ఎక్కువ తెలుసా?"

నాయన సీనప్ప ఆ క్వారీలో మేస్త్రీగా చేశాడు. ఊట ఎగదన్ని అందరూ పైకి పరుగెత్తినా, తాను మాత్రం దగ్గరుండి క్రేన్ రోపులన్నీ తీయించానని ఊరంతా చెప్పుకునేవాడు. ఇప్పుడు తిన్నె మీద కాఫీ తాగుతున్నాడు. తెర తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను.

"ఇవి ఇనుప రోపులా నాయనా?"

చాలాసేపు చూశాడు. "నాకు కండ్లు ఆనవు పాపా," అన్నాడు.

పొద్దున కళ్లద్దాలు లేకుండానే పేపరంతా చదివాడు.

"కాలు తగులుకుంటే విడిపించుకునే లోపల సిలిండర్లో గాలి అయిపోతాది నాయనా," అన్నాను మెల్లగా.

అన్న ఫోను మోగింది. "చిక్కబళ్ళాపురం దాటినారంట. నాయనా, ఆ మూల శుభ్రంగానే ఉండాదని ఇంకోసారి చెప్పు, ఈమె నోరు మూస్తాది," అని నవ్వాడు.

నాయన గ్లాసు కింద పెట్టాడు. లేచి, గోడకు ఆనించిన తెడ్డు తీసుకున్నాడు. చూరులో చెక్కిన కొడవలి కూడా లాగాడు. డబ్బా తాడు కోయాలంటే కొడవలి కావాలి.

అన్న నవ్వు ఆగింది. "యాడికి నాయనా?"

నాయన ఇద్దరి వైపూ చూడకుండా మెట్లు దిగి, క్వారీ దారిలో వెళ్లిపోయాడు.