నేతని పుచ్చుకున్న పన్ను

శనివారం పొద్దున అకనిసి ఇంకా చేమదుంపలు కుప్పలు పోస్తూనే ఉంది, మేనకోడలు ఉనైసి చెప్పుల్లేకుండా బజారులోకి వచ్చింది. ఒంటిమీద నిన్న సాయంత్రం చర్చి పాటల సాధనకు వేసుకెళ్లిన గౌనే ఉంది.

"అత్తా, విలికేసా..." అని ఆగిపోయింది. విలికేసా అంటే చర్చి పెద్దగారి అబ్బాయి. మిగతాది చిరిగిన గౌను చెప్పింది.

"స్నానం చేశావా?"

"లేదు. అమ్మ నీళ్లు తోడింది. నేనిటు వచ్చేశాను."

"మంచి పని చేశావు. ఆ బట్టలు ఉతక్కు."

ఇరవై ఏళ్లుగా వ్యాపారం చేస్తున్న మనిషి. ఏది ఎన్నాళ్లు ఆగుతుందో, ఏది ఆగదో ఆమెకు తెలుసు. కడుపు రాకుండా, రోగం అంటకుండా ఇచ్చే మందులు మూడు రోజుల్లోపు మొదలెట్టాలి. ఎంత తొందరగా పడితే అంత మేలు. శనివారం బేరం పోతే పోయిందని దుంపల మీద గోనె కప్పింది.

అంతలో ఆమె అన్న, ఉనైసి తండ్రి నేతని రొప్పుతూ వచ్చాడు.

"పిల్లని ఇంటికి పంపు. మధ్యాహ్నం విలికేసా వాళ్లు తిమింగలం పన్ను పట్టుకుని క్షమాపణకు వస్తున్నారు. పుచ్చుకుంటే గొడవ అక్కడితో సరి."

"జరిగింది దీనికి. క్షమించేది నువ్వా?"

"తాతలనాటి ఆచారమే! పెద్దాయన మోకాళ్లమీద వస్తే కాదంటామా?"

"మోకాళ్లమీద వచ్చేది తండ్రి. కొడుకేడీ?"

"సిగ్గుతో ఇంట్లో పడున్నాడు."

"పాపం, ఎంత సుకుమారం!"

ఆసుపత్రిలో నర్సు ప్రతిసారీ "ఇక్కడ చూడొచ్చా అమ్మా?" అని అడిగి మరీ చెయ్యి వేసింది. గౌను సాక్ష్యానికి కాగితం సంచిలో పెట్టి, మాత్రలు చేతికిచ్చింది. నిన్నటి నుంచి ఉనైసి ఇష్టం అడిగింది ఆవిడొక్కతే.

పోలీసు స్టేషన్‌కు వెళ్లేసరికి మధ్యాహ్నం దాటింది. కబురు వాళ్లకంటే ముందే చేరింది.

"మీ నాన్న పన్ను పుచ్చుకున్నాడటగా? ఇంక కేసేమిటి తల్లీ?" అన్నాడు పోలీసాయన.

ఉనైసి అత్త వైపు చూసింది. నువ్వే చెప్పు అన్నట్టు అకనిసి తల ఊపింది. ఆ మాట అమ్మాయే అనాలి.

"నేను పుచ్చుకోలేదు. రాసుకోండి."

అతను నిట్టూర్చి కాగితం తీశాడు. కింద ఉనైసి సంతకం పెట్టింది.

సాయంత్రం నేతని ఉనైసిని గడప దాటనివ్వలేదు. "పదిమందిలో మాటిచ్చాను. నా పరువు తీశావు," అంటూ కూతురి దిండు బయటికి విసిరాడు. వెనక తల్లి ఏడ్చింది గానీ, ముందుకు రాలేదు. మర్నాడు చర్చిలో విలికేసా ఎప్పటిలాగే ముందు వరసలో నిలబడి పాడాడు.

సోమవారం బజారులో అకనిసికి రెండు పక్కలా కూర్చునే ఊరి ఆడవాళ్లు చాపలు చుట్టుకుని ఆ చివరికి పోయారు. పదేళ్లుగా ఒకే గిన్నెలో తిన్న స్నేహితురాళ్లు.

ఉనైసి నిలబడిపోయింది. "నావల్లే కదా అత్తా?"

"వాడివల్ల. కూర్చో," అంది అకనిసి ఖాళీ అయిన చోటికి దుంపలు జరుపుతూ. మధ్యాహ్నం దాకా ఒక్కరూ అటు రాలేదు.