ఎడమ ఏదో, కుడి ఏదో

నేను ఒక మైక్రోటోమ్‌ని. పేరుకు నోరు తిరగకపోతే మెదడు తరిగే కత్తిపీట అనుకోండి. గడ్డకట్టించిన ఎలుక మెదడును నా పీఠం మీద నిలిపి పిడి లాగితే, వెంట్రుకలో సగం మందాన పొర లేచి వస్తుంది. నన్ను పరదేశంలో పోతపోసి, ఓడలో మద్రాసుకు, లారీలో హైదరాబాదుకు తెచ్చారు. ఒక వైద్య కళాశాలలో పదిహేనేళ్ళు పనిచేసి ఈ ప్రభుత్వ పరిశోధన సంస్థకు వచ్చాను. ఇక్కడ నేను శాశ్వతం. పీహెచ్‌డీ ముగించి నా ఎదుట కూర్చునేవాళ్ళు మాత్రం ప్రాజెక్టు ఉన్నన్నాళ్ళే. నా నంబరు రేకు మీద చెక్కారు. వాళ్ళ పేర్లు కాగితం మీద రాసి తలుపుకి అతికిస్తారు.

వాళ్ళలో డాక్టర్ మృదుల చేయి నిదానం. పక్షవాతం వచ్చిన మెదడులో నరాలు మందుతో తిరిగి పెరుగుతాయా అన్నది ఆమె పని. వాళ్ళమ్మ మాట పడిపోయి మూడేళ్ళు మంచంలో ఉండి పోయిందని టెక్నీషియన్ నర్సింలు ఎవరితోనో అంటుంటే విన్నాను. మృదుల నోట ఆ మాట ఎన్నడూ వినలేదు.

మందు ఎలుక మెదడులో ఎడమవైపే వేస్తారు. కుడివైపును పోల్చడానికి వదిలేస్తారు. కోసిన పొరలు ద్రావణంలో తేలుతూ బోర్లాపడితే ఏ వైపు ఏదో తెలియదు. అందుకని కోసేముందు కుడివైపు సన్నని సూదితో పొడిచి గుర్తు పెడతారు.

మార్చితో ప్రాజెక్టు ముగుస్తుంది. మృదులను మరో మూడేళ్ళు ఉంచాలా, పంపేయాలా అన్నది కమిటీ ఇంటర్వ్యూలో తేలుతుంది. దానికి నాలుగు రోజుల ముందు పొరలు మళ్ళీ చూస్తూ ఆమె ఆగిపోయింది. పదకొండు మెదళ్ళలో ఆరింటికి సూది గుర్తే లేదు. తొందరలో మరిచిపోయింది. పైగా ఆ ఆరింటిలో నరాలు ఒత్తుగా ఉన్న వైపునే ఎడమ అని రాసుకుంది.

"అయితేంది మేడమ్?" అన్నాడు నర్సింలు. "మందేసింది ఎడమకే గద. ఎక్కువ పెరిగింది ఎడమే అయితది."

"అదే కదన్నా నేను తేల్చాల్సింది! తేలకముందే రాసేసుకున్నాను."

"ఎవరికెర్క? మీరు చెప్తేనే గద."

"నాకు తెలుసుగా."

"ఆ ఆరు తీసేస్తే గ్రాఫు సగానికి కూలుతది. కొలువు పోతది. జర సోంచాయించుండ్రి."

నాకైతే ఎడమా కుడీ ఒక్కటే, ఏది పెడితే అది కోస్తాను. మనుషులకు తాము కోరుకున్న వైపే ముందు కనబడుతుంది. ఆమెకూ కనబడింది. అయినా ఆ సాయంత్రమే ఆరింటినీ లెక్కలోంచి తీసేసింది.

ఇంటర్వ్యూ రోజు నర్సింలు కమిటీ గదిలోకి ఫైళ్ళు మోసుకెళ్ళి, తిరిగొచ్చి నా పక్కన కూలబడ్డాడు. "పోయిన నెల పంపిన గ్రాఫుకంటే ఇది చిన్నగుందేందమ్మా అని పెద్దసారు అడిగిండు. ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఇగ అయిపాయె."

పదిరోజులకు కాగితం వచ్చింది. మృదుల నా బల్ల మీదే విప్పి రెండుసార్లు చదివింది.

"ఏడాది ఇచ్చారన్నా. ఆరూ కొత్తగా చేసి చూపించమన్నారు."

"మూడేండ్లు అడిగితే ఏడాదేనా! పిసినారోళ్ళు."

"ఆరు మెదళ్ళకు ఏడాది చాలదూ?" అంటూ నవ్వింది. ఆ గదిలో ఆమె నవ్వు వినడం నాకు అదే మొదలు.

వేసవి దాటాక కొత్త మెదడుకు కుడివైపు సూది గుర్తు పెట్టి, పీఠం మీద నిలిపి పిడి లాగింది. పొర బ్లేడు మీద ముడుచుకుంది. మృదుల దాన్ని కుంచెతో మెల్లగా విప్పి ద్రావణంలోకి వదిలింది. అందులో ఏముందో ఆమెకూ తెలియదు. తొందరపడకుండా రెండో పొరకు చేయి చాచింది.