పడుకునే డ్యూటీ

టైమ్ కీపర్ గారి సంగతి ఒక్క ముక్క ముందే చెప్పేస్తే మీకూ నాకూ శ్రమ తగ్గుతుంది. దారం మిల్లు గేటు పక్కన, మూడు వైపులా అద్దాలున్న చిన్న గదిలో ముప్ఫై ఏళ్ళు కూర్చుని, నాలుగు వందల మంది ఎప్పుడొచ్చారో, ఎప్పుడు పోయారో రాసిన మనిషి ఆయన. పది నిమిషాల వరకూ ఆలస్యాన్ని క్షమించేవాడు. పదకొండో నిమిషంలో దేవుడు దిగొచ్చినా గేటు తీసేవాడు కాదు. సొంత బావమరిది అదే మిల్లులో చేరాల్సిన మొదటి రోజున పదకొండో నిమిషంలో రొప్పుకుంటూ వస్తే, "రేపు రావోయ్" అని వెనక్కి పంపాడు. ఆ బావమరిది మళ్ళీ ఏ గేటూ తొక్కలేదు. బావగారు తన ఉత్సాహం మీద నీళ్ళు చల్లారని చెప్పుకుంటూ, అక్క చేతి వంట తింటూ, ఆ ఇంట్లోనే ఉండిపోయాడు.

రిటైరైన రోజున మిల్లు వాళ్ళు విమానం టికెట్లు చేతిలో పెట్టారు. సముద్రం ఒడ్డున మిల్లుకి ఒక గెస్ట్ హౌస్ ఉంది, కుటుంబంతో వెళ్ళి పది రోజులు ఉండి రమ్మన్నారు. ఆయన, ఆయన తల్లి, భార్య, కాలేజీలో చదివే కూతురు, పైన చెప్పిన బావమరిది. ఐదు టికెట్లలో ఒక్కటే బిజినెస్ క్లాసు. ఉద్యోగికి పై తరగతి, కుటుంబానికి మామూలు తరగతి అని రూలట. పిసినారితనానికి రూలు తోడైతే ఇలాగే ఉంటుంది మరి!

ప్రయాణానికి ముందు రోజు భార్య ఐదుగురి బట్టలూ ఐదు పెట్టెల్లో సర్దుతూ అంది. "ఏవండీ, ఆ సీటు పూర్తిగా వాలిస్తే మంచమైపోతుందట కదా?"

"అవును. బొమ్మ చూశాను."

"నాకు దాన్లో ఓ రెండు గంటలు ఇవ్వండి. కాళ్ళు చాపుకుని పడుకుంటాను. ఎవరూ పిలవకూడదు. ఇంకేమీ వద్దు నాకు."

"అదెంత భాగ్యం!" అన్నాడాయన. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆవిడ అడిగిన మొదటి కోరిక ఇదని నేననను. ఆయన చెవిన పడిన మొదటి కోరిక మాత్రం ఇదే.

అడగ్గానే సీటు ఆవిడకి అప్పజెప్పి ఊరుకోవచ్చు. కానీ ఆయన టైమ్ కీపర్. విమానం పైకి లేవగానే జేబులోంచి కాగితం తీసి గీతలు గీశాడు. ప్రయాణం పదకొండు గంటలు. ఎక్కే హడావిడికీ దిగే హడావిడికీ ఒక గంట పోతే మిగిలేది పది. మనుషులు ఐదుగురు, తలా రెండు గంటలు. ముందు తల్లి, తర్వాత భార్య, కూతురు, బావమరిది, చివర తను. నియమాలు రెండే, మిల్లులో ఉన్నవే. ఒకటి, దిగిపోయే మనిషి దగ్గరికి ఎక్కే మనిషి వచ్చి నిలబడాలి, లేకపోతే ఉన్న మనిషే కొనసాగాలి. రెండు, పది నిమిషాలు దాటి వస్తే వంతు చివరికి పోతుంది.

"మన ఇంట్లో మనకి రూల్సేంటి నాన్నా?" అంది కూతురు.

"రూలు లేకపోతే నీ మామయ్య ఆ సీట్లోంచి లేస్తాడా?" అన్నాడాయన.

ముసలావిడ రెండు గంటలూ దర్జాగా పడుకుంది. సరిగ్గా ఆవిడ వంతు ముగిసే ముందు, "ఒరేయ్, నా బీపీ మాత్రలేవిరా?" అంది. కొడుకు కోడలికి కబురు పెట్టాడు. కోడలు నలభై మూడో వరసలో ఐదు పెట్టెలూ దింపి మాత్రలు వెతికి పట్టుకుంది. తీరా వస్తుంటే నడిచే దారి నిండా భోజనాల బండి అడ్డం పడింది. దాని వెనకాల ఒక్కో వరసకీ ఒక్కో అడుగు వేస్తూ వచ్చేసరికి పద్నాలుగు నిమిషాలైంది. టైమ్ కీపర్ గారు కాగితం మీద ఆవిడ పేరు ఎదురుగా 'గైర్హాజరు' అని రాసి, కూతుర్ని ఎక్కించాడు.

"పర్లేదులెండి, చివర్లో పడుకుంటాను," అంది భార్య. అత్తగారికి మాత్ర మింగించి, చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకెళ్ళింది.

ఈలోగా హెడ్ హోస్టెస్ వచ్చింది. నల్ల కోటు, నిద్ర లేని కళ్ళు. "సర్, ఈ టికెట్టు మీ ఒక్కరిది. ఇందాక ఇక్కడ ఒక పెద్దావిడ ఉన్నారు, ఇప్పుడు ఒక అమ్మాయి ఉంది. ఇలా మార్చుకోవడం కుదరదు."

"అమ్మా, మిల్లులో యంత్రం ఒకటే ఉంటుంది. మూడు షిఫ్టుల్లో ముగ్గురు నడుపుతారు. యంత్రం ఏమైనా అందా?"

ఆమె ఆయన చేతిలో కాగితం వంక చూసింది. చూసిచూసి, "సర్, మేం ఎనిమిది మందిమి, మాకున్నవి రెండు పడకలు. ఎవరెప్పుడు పడుకోవాలని మూడు రోజులుగా ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోవడం లేదు. మాకూ ఇలాంటిది ఒకటి రాసిస్తారా?" అంది.

ఆయన రాసిచ్చాడు. పావుగంటలో ఇద్దరు హోస్టెస్‌లు పడుకున్నారు, మిగిలిన ఆరుగురూ నవ్వుతూ పనిచేశారు. కెప్టెన్ అది చూసి తనకీ, పక్కనున్న రెండో పైలట్‌కీ కూడా ఒకటి రాయించుకున్నాడు. ఇంకేముంది, కోతికి కొబ్బరికాయ దొరికినట్టైంది టైమ్ కీపర్ గారికి. బిజినెస్ క్లాసులో ఆయనది కాక ఇరవై మూడు సీట్లున్నాయి. వెనకాల మూడు వందల మంది మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నారు. ఇరవై నిమిషాల వంతు వేస్తే గంటకి అరవై తొమ్మిది మంది, ఐదు గంటల్లో మూడు వందల నలభై ఐదు. లెక్క కుదిరింది. లెక్క కుదిరాక ఆయన్ని ఆపడం ఎవరి తరం?

మొదటి వరసలో మూడు గడ్డాలున్న ఒక భారీ మనిషి గురకపెట్టి నిద్రపోతున్నాడు. టైమ్ కీపర్ గారు అతని భుజం తట్టి, "మీ షిఫ్టు అయిపోయింది," అన్నాడు. ఆ భారీ మనిషి నలభై ఏళ్ళుగా ఎన్నో కంపెనీలకి యజమాని అట. అయినా ఆ గొంతు విని దిగ్గున లేచి, "సారీ సర్," అని చెప్పులు వెతుక్కుని, నలభై నాలుగో వరసలో మధ్య సీట్లోకి వెళ్ళి కూర్చున్నాడు. ఆ పడక మీదికి ఒక ప్లంబర్ ఎక్కాడు. ప్లంబర్ తర్వాత ఒక లెక్కల టీచరు, టీచరు తర్వాత కవలల్ని ఎత్తుకున్న తల్లి. నడిచే దారి పొడుగునా క్యూ కట్టారు. ఒక్కరు గట్టిగా మాట్లాడితే ఒట్టు!

నలభై మూడో వరస నుంచి టైమ్ కీపర్ భార్య కూడా లేచి ఆ క్యూలో నిలబడబోయింది. హెడ్ హోస్టెస్ కాగితం చూసి, "మీ పేరు సారు గారి సొంత సీటు లిస్టులో ఉందండీ. ఒక మనిషికి రెండు లిస్టులు కుదరవు," అంది. నిజమే కదా, ఈ పెద్ద లిస్టుకి ఆ రూలు పెట్టింది సారు గారే.

కూతురి రెండు గంటలూ అయ్యాయి, బావమరిది రెండు గంటలూ అయ్యాయి. తర్వాత టైమ్ కీపర్ గారు పడుకున్నారు. ఆయన వంతు ఇంకో ఐదు నిమిషాలుందనగా భార్య వచ్చి పక్కన నిలబడింది. ఈసారి ముందే వచ్చింది చూశారా? జుట్టు సరిచేసుకుంది, మొహం కడుక్కుంది. పెళ్ళిచూపులకి వచ్చినంత శ్రద్ధగా వచ్చింది పాపం.

"వచ్చావా? మంచిది. నా కళ్ళద్దాలు చేతి సంచీలో ఉండిపోయాయి. అవి తెచ్చిపెట్టు, నీ హాజరు వేసి లేస్తాను," అన్నాడు.

ఆవిడ వెనక్కి వెళ్ళింది. కళ్ళద్దాలు తీసుకుంది. ముందుకి రాబోతే క్యూలో వాళ్ళు, "అమ్మా, లైన్లో రండి, అందరికీ ఒకటే న్యాయం," అన్నారు. ఆవిడ ఎంత చెప్పినా వాళ్ళు వినలేదు. కళ్ళద్దాలు ఆయన చేతికొచ్చేసరికి పదకొండు నిమిషాలు దాటింది. ఆయన వాటిని పెట్టుకుని, గడియారం చూసి, నిట్టూర్చి, రెండో 'గైర్హాజరు' రాశాడు. మారు మనిషి రాలేదు కాబట్టి ఉన్న మనిషే కొనసాగాలి. "డబల్ డ్యూటీ తప్పదు," అని త్యాగం చేస్తున్న మొహంతో మళ్ళీ పడుకుని గంటన్నర నిద్రపోయాడు.

లేచేసరికి దిగడానికి ముప్పావుగంట ఉంది. చివరి పట్టీ సిద్ధం చేశాడు. విమానంలో పడక ఎక్కనివాళ్ళు ఒక్కరు తప్ప ఎవరూ లేరు. ముప్ఫై ఒకటో వరసలో పాలు తాగే పిల్ల కూడా తన ఇరవై నిమిషాలూ పడుకుంది. ఆ ఒక్క పేరు ఎదురుగానే రెండు గైర్హాజర్లు. రెండు గైర్హాజర్లకి మెమో ఇవ్వాలి, అది రూలు. మనిషి ఎవరన్నది రూలు అడగదు. ఆయన కాగితం తీసి పద్ధతిగా రాశాడు. 'ముందస్తు అనుమతి లేకుండా రెండు పర్యాయములు గైర్హాజరైనందుకు మీపై చర్య ఎందుకు తీసుకోకూడదో పది నిమిషములలో సంజాయిషీ ఇవ్వగలరు.' హెడ్ హోస్టెస్ దాన్ని ట్రేలో పెట్టుకుని నలభై మూడో వరసకి తీసుకెళ్ళింది.

ఆరు నిమిషాల్లో జవాబు వచ్చింది. మెమో కిందే, గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. 'మొదటిసారి అత్తయ్యగారి మాత్రలకి వెళ్ళాను. రెండోసారి మీ కళ్ళద్దాలకి వెళ్ళాను. రెండుసార్లూ మీరే పంపారు. ఇకమీదట ఆలస్యం కానివ్వను. ఈసారికి క్షమించండి.'

టైమ్ కీపర్ గారు ఆ కళ్ళద్దాలతోనే ఆ జవాబు చదివాడు. మళ్ళీ చదివాడు. ముప్ఫై ఏళ్ళలో కొన్ని వేల సంజాయిషీలు చూసిన మనిషి. జ్వరమొచ్చిందని, బస్సు రాలేదని, బామ్మ పోయిందని. ఒకే బామ్మ నాలుగుసార్లు పోయిందని కూడా. నిజం రాసిన కాగితం చేతికి రావడం అదే మొదటిసారి. సిగ్గుతో ఆయన చెవులు కాలిపోయాయి. లేచి వెనక్కి దాదాపు పరిగెత్తాడు.

భార్య కూర్చునే ఉంది. ఒక భుజం మీద కూతురి తల, ఇంకో భుజం మీద అత్తగారి తల.

"రా," అన్నాడు.

"ఇంకెంతసేపండీ, వచ్చేస్తోందిగా ఊరు."

"రమ్మన్నానా!"

ఆవిడ ముందుకి వచ్చి ఆయన సీటు అంచున కూర్చుంది, ఎవరైనా ఎక్కితే లేచి జాగా ఇవ్వాల్సిన దానిలా. ఆయన మీట నొక్కాడు. సీటు వాలింది. ఆవిడ కాళ్ళు చాపింది. 'అమ్మయ్య' అని ఒక్క మాట అంది, అంతే, నిద్రపోయింది.

అప్పుడే హెడ్ హోస్టెస్ వచ్చింది. "సర్, కెప్టెన్ గారు దిగడానికి టైమ్ అడుగుతున్నారు. మీరు చెప్పందే దిగనంటున్నారు."

"ఎంతసేపు పైన తిరగగలరు?"

"గంటసేపు తిరగొచ్చట. కానీ మూడు వందల మందికి ఏం చెప్పమంటారు?"

"ఇంకా ఒకరి వంతు అవలేదని చెప్పండి."

అదే మాట మైకులో చెప్పారు, గుసగుసగా. ఒకే ఒక్కాయన, తనకి ఇంకో విమానం అందుకోవాల్సి ఉందని గొణిగాడు. మూడు గడ్డాల మనిషి వెనక్కి తిరిగి, "నువ్వు పడుకున్నప్పుడు నీ వెనక వంద మంది నిలబడ్డాంరా నాయనా, నోరుమూసుకుని కూర్చో," అన్నాడు. విమానం ఊరి మీద గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది.

టైమ్ కీపర్ గారు రెండు తరగతుల మధ్య తెర దగ్గర కాపలా నిలబడ్డాడు. రెండు నిమిషాలు కాలేదు, వెనక నుంచి ముసలావిడ కేక. "అమ్మాయ్! నా చెప్పు ఒకటి కనపడటం లేదు!"

ఆయన పరిగెత్తుకెళ్ళి సీట్ల కింద దూరి, నాలుగు వరసల అవతల చెప్పు పట్టుకుని తెచ్చాడు. "అమ్మా, కాసేపు తనని పిలవకే," అని బతిమాలాడు.

"పిలవకపోతే నా చెప్పు ఎవరు తెస్తార్రా?" అంది ముసలావిడ. అడిగినదాన్లో తప్పేముంది?

ఆవిడ ఊరుకోగానే కూతురు, "అమ్మా, నా ఛార్జర్ ఎక్కడ పెట్టావ్?" అంది. బావమరిది, "అక్కా, తినడానికి ఏవైనా ఉన్నాయా?" అన్నాడు. మళ్ళీ ముసలావిడకి చలేసింది. మళ్ళీ కూతురికి దువ్వెన కావాల్సొచ్చింది. ప్రతిసారీ ఆయనే వెళ్ళాడు. అలవాటు కొద్దీ లెక్కపెట్టాడు. గంట తిరిగేలోపు పదకొండు పిలుపులు. గంటకి పదకొండైతే రోజుకెన్ని, నెలకెన్ని, ముప్ఫై ఏళ్ళకెన్ని అని మనసులో గుణించబోయాడు. సగంలో ఆగిపోయాడు. నాలుగు వందల మంది రాకపోకలు రాశాడే గానీ, తన ఇంట్లో డ్యూటీ ఎక్కి ఇంతవరకూ దిగని మనిషి ఒకతి ఉందని ఒక్కరోజూ రాసుకోలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి, కళ్ళే తడిశాయి.

"సర్, ఇక దిగక తప్పదు," అని హెడ్ హోస్టెస్ వచ్చి చెవిలో చెప్పింది. "సీట్లన్నీ నిటారుగా ఉండాలి. రూలు."

"రూళ్ళు నాకు నేర్పకమ్మా," అన్నాడాయన. "దాన్ని మాత్రం లేపొద్దు."

ఆమె ఒక్క క్షణం ఆలోచించి, రెండు బెల్టులు ముడేసి, నిద్రపోతున్నావిడకి దుప్పటి మీంచి మెల్లిగా బిగించింది. కెప్టెన్ విమానాన్ని పసిపిల్లని ఉయ్యాల్లో వేసినట్టు దించాడు. మూడు వందల మంది చెప్పులు చేతపట్టుకుని, పెట్టెలు నెత్తిన పెట్టుకుని, మునివేళ్ళ మీద దిగిపోయారు. ముసలావిడ కోడలి పక్క నుంచి వెళ్తూ అలవాటుగా నోరు తెరిచింది. మనవరాలు చటుక్కున మూసింది.

ఖాళీ విమానంలో టైమ్ కీపర్ గారు ఒక్కడే మిగిలాడు. భార్య కదిలింది. కళ్ళు తెరవలేదు.

"అందరూ తిన్నారా?" అంది.

అందరూ తిన్నారు. ఆవిడ భోజనం మాత్రం బావమరిది ఒళ్ళోకి పోవడం ఆయన కళ్ళారా చూశాడు, చూసి ఊరుకున్నాడు.

"తిన్నారు. నువ్వు పడుకో," అన్నాడు.

ఆవిడ అటు ఒత్తిగిలి మళ్ళీ నిద్రలోకి జారుకుంది. తలుపు దగ్గర ఊడ్చేవాళ్ళు నలుగురు చీపుళ్ళతో, బకెట్లతో వచ్చి నిలబడ్డారు. దీనికి ఇంకో ప్రయాణం ఉంది, అవతల జనం ఎదురుచూస్తున్నారు, ఇంకెంతసేపు పడుతుందో చెప్పమన్నారు.

టైమ్ కీపర్ గారు తలుపుకి అడ్డంగా చేతులు చాపి నిలబడి, "నాకేం తెలుసు బాబూ?" అన్నాడు.