బయట తిన్న ఉప్పు

తెల్లారేసరికి ఆ ఇంట్లో క్యారియర్లు కట్టే పని మొదలయ్యేది. రొయ్యల గుంటల మీదికి పోయే పెంచలకృష్ణకి ఒకటి, నెల్లూరులో ఉద్యోగం చేసే అతని తమ్ముడు నరేంద్రబాబుకి ఒకటి, కాలేజీకి పోయే పిల్లకి ఒకటి. పెద్దకోడలు భానుప్రియ అన్నం, కూర సర్దితే చిన్నకోడలు పుష్పకుమారి మూతలు బిగించేది. పెళ్ళికి పోయినా, తిరునాళ్ళకి పోయినా వాళ్ళు ఇంటి నుంచే తీసుకుపోయి తినేవాళ్ళు. వాళ్ళ ఊరు అల్లూరులో ఎవరూ తప్పు పట్టలేదు. ఆ ఇంటి మనిషి బయట ఉప్పు తింటే, ఆ ఉప్పు అత్తగారు మాలకొండమ్మ ఒంట్లోంచి తగ్గుతుందని అందరికీ తెలిసిందే. "వాళ్ళ పంక్తికి లడ్డు చాలు, కూరలు పెట్టబాకండి" అని వడ్డించేవాళ్ళే ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు.

మాలకొండమ్మ ఇసకపల్లి వైపు, ఉప్పు పండించే కొటార్ల పక్కన పుట్టిన మనిషి. వయసులో ఉన్నప్పుడు ఆమెకి ఇదొక వేడుకగా ఉండేది. వంటింట్లో కూర్చునే, "నా నాలిక చప్పబడింది. ఎవురో హోటల్లో దూరినారు" అనేది. పొద్దుగూకి పెంచలకృష్ణ ఇల్లు చేరగానే, "బిరియానీ బాగుండిందా అబ్బయ్యా?" అని అడిగేది. అతను తల గోక్కునేవాడు.

ముసలితనంలో వేడుక పోయింది. పోయిన ఎండాకాలం ఇంటిల్లిపాదీ ఒక పెళ్ళిలో కడుపునిండా తిని వచ్చేసరికి ఆమె మంచం మీద మాట పలక్కుండా పడి ఉంది. సోడియం బాగా పడిపోయిందన్నాడు నెల్లూరు డాక్టరు. ఇంకోసారి ఇట్లా అయితే మనిషి దక్కదనీ అన్నాడు. అప్పటినుంచే ఈ క్యారియర్లు.

ఆ ఏడు రొయ్యల మేత ఎక్కువగా కొన్న రైతులకి కంపెనీవాళ్ళు బ్యాంకాక్ యాత్ర పెట్టారు, భార్యాభర్తలిద్దరికీ. భానుప్రియ రానంది.

"ఏంది మే, రానంటావు? విమానం ఎక్కే రాత అందరికీ ఉంటదా?" అంది మాలకొండమ్మ. "నేనేం ఉప్పుబొమ్మనా కరిగిపోయేదానికి? పొడులు కట్టుకుని పోండి. ఇంటి ఉప్పే తినండి."

కరివేపాకు పొడి, రొయ్యపొట్టు పొడి, చిన్న కరెంటు కుక్కరు పెట్టెలో సర్దుకున్నారు. బయల్దేరే ముందు పెనుశిల నరసింహస్వామి పటం దగ్గర నిలబడి, బయట మెతుకు ముట్టనని భానుప్రియ మనసులో అనుకుంది.

బ్యాంకాక్‌లో తోటి రైతులంతా బస్సు దిగి హోటళ్ళలోకి పోతుంటే ఈ ఇద్దరూ గదిలో అన్నం వండుకున్నారు. పెంచలకృష్ణ పొడి కలుపుకుని తిని, ఏసీ చల్లదనానికి నిద్రపోయేవాడు. మొదటి రోజు మధ్యాహ్నం పుష్పకుమారికి ఒక హ్యాండ్‌బ్యాగు కొందామని భానుప్రియ ఎదురుగా ఉన్న పెద్ద మాల్‌లోకి పోయింది.

పై అంతస్తు నిండా తిండి. దేశానికో అంగడి. మొదటి అంగట్లో తన వయసు ఆడమనిషి రోలు ముందు నిలబడి పచ్చి బొప్పాయి తురుము దంచుతోంది. బ్యాంకాక్‌లో రోలు కనపడేసరికి భానుప్రియ కాళ్ళు ఆగిపోయాయి. ఆ అంగడామె నవ్వి, కొంచెం గరిటెతో చేతిలో పెట్టింది. వద్దని చెప్పడానికి భానుప్రియకి వాళ్ళ భాష రాదు. రాకపోవడం అప్పటికి మంచిదే అనిపించింది.

పులుపు, తీపి, కారం ఒకేసారి నాలుక మీద పడ్డాయి. ఆ వెనకే ఉప్పు. అది ఎవరి ఉప్పో ఆమెకి తెలుసు.

ఈ ఒక్క ముద్దతో సరి అనుకుంది. మర్నాడు మళ్ళీ అక్కడే ఉంది. జపానువాళ్ళ అంగట్లో చల్లని అన్నం ముద్ద మీద పరిచిన పచ్చి చేప తింది. నీచు వాసన వస్తుందనుకుంటే వెన్నలాగా జారిపోయింది. కొరియావాళ్ళ పులిసిన క్యాబేజీ ముక్కుల్లోంచి పొగలు తెప్పించింది. అరబ్బువాళ్ళు సెనగలు మెత్తగా రుబ్బి, నడుమ గుంట చేసి నూనె పోసిచ్చారు. ఇటలీవాళ్ళు నిప్పుల పొయ్యిలోంచి రొట్టె తీసి పెడితే దాని మీది చీజ్ తీగలాగా సాగింది. ఇంట్లో అందరివీ సర్దినాక గిన్నెలో మిగిలిందే ఇన్నేళ్ళూ తన భోజనం. ఇక్కడ ఏది కావాలని ఆమెనే అడుగుతున్నారు.

గదికి పోయేసరికి పెంచలకృష్ణ నిద్ర లేచి, "తిన్నావా?" అనేవాడు.

"తిన్నా" అనేది. అబద్ధం కాదు కదా.

పొద్దుగూకితే ఇంటికి ఫోను. "అత్త ఎట్టుండాది పుష్పా?"

"బాగానే ఉండాదక్కా. నాలిక చప్పగా ఉందంట. రసంలో ఉప్పు మరిచినావని నన్ను తిడతా ఉంది."

భానుప్రియ గబగబా స్నానం చేసి దేవుడికి దండం పెట్టుకునేది, రేపటి నుంచి పోనని. రేపు వచ్చేది.

తిరుగు ప్రయాణం ముందటి మధ్యాహ్నం ఆమె పులుసు తెప్పించుకుంది. రొయ్యలు, నిమ్మగడ్డి, పండు మిరపకాయలు. పొగలు కక్కుతూ గిన్నె వచ్చి ముందు కూర్చుంది. అప్పుడే ఫోను మోగింది.

"అక్కా, అత్త మాట తడబడతా ఉంది" అంది పుష్పకుమారి. "పొద్దున్నించీ నన్ను పట్టుకుని ఎవురు మే నువ్వు అంటోంది. ఇక్కడ ఎవురూ బయట తినలా, అందర్నీ అడిగినా. బావ ఏమన్నా తినినాడా?"

"లేదే. ఆయన గది దాటితే కదా."

"అట్టయితే ఎండదెబ్బేమో. ఆస్పత్రికి తీసుకుపోతా ఉండాం. నువ్వేం గాబరా పడబాక."

నువ్వు తిన్నావా అక్కా అని పుష్పకుమారి అడగలేదు. అడగాలని ఆమెకి తోచను కూడా లేదు.

భానుప్రియ ఫోను పక్కన పెట్టింది. లేచి పోవాలని అనుకుంది. పులుసు చల్లారిపోతుందనీ అనుకుంది. తింది. రొయ్యలన్నీ తిని, గిన్నె రెండు చేతులా ఎత్తి అడుగున మిగిలింది తాగింది.

విమానం దిగి నేరుగా నెల్లూరు ఆస్పత్రికి పోయారు. మాలకొండమ్మ కళ్ళు మూసుకుని ఉంది. సెలైను ఎక్కినంతసేపూ సోడియం ఎక్కుతుంది, ఆపితే దిగిపోతుంది. డాక్టరుకే అంతుపట్టలేదు. నరేంద్రబాబు పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకుంటున్నాడు.

మిగతావాళ్ళు వరండాలో క్యారియరు విప్పుకున్నప్పుడు భానుప్రియ అత్త పక్కన కూర్చుంది.

"అత్తా, బయట తిన్నది నేనే."

మాలకొండమ్మ కళ్ళు కొంచెం తెరుచుకున్నాయి. పెదాలు ఎండి పగిలి ఉన్నాయి. "ఏం తిన్నావు?" అంది.

తిడుతుందేమోనని చూసింది భానుప్రియ. తిట్టడం లేదు, అడుగుతోంది. బొప్పాయి సంగతి చెప్పింది. రోలు ఎట్లా ఉందో, చేతిలో పడ్డ ముద్ద ఎట్లా ఉందో చెప్పింది. ముసలామె గొంతు కదిలింది. నోరూరింది. నాలుకతో పెదాలు తడుపుకుంటే వాటి మీద సన్నని ఉప్పు పేరుకుంది. భానుప్రియ చెప్పుకుంటూ పోయింది. పచ్చి చేప, పులిసిన క్యాబేజీ, సెనగల ముద్ద, రొట్టె. ఒక్కొక్కదానికీ అత్త నోట్లో నీళ్ళు ఊరుతూనే ఉన్నాయి. మధ్యలో, "రొట్టె అంచు కరకరలాడిందా?" అని కూడా అడిగింది.

సాయంత్రం రక్తపరీక్షలో సోడియం పెరిగింది. సెలైను ఆపినా నిలబడింది. కానీ మర్నాటికి అక్కడే ఆగిపోయింది.

"ఇంకేమన్నా తిన్నావేమో గుర్తు తెచ్చుకో అక్కా" అంది, అప్పటికి సంగతంతా విన్న పుష్పకుమారి. పక్క మంచం వాళ్ళు కూడా, "చెప్పమ్మా, ఎవరు చూడొచ్చారు" అన్నారు.

భానుప్రియ దుప్పటి అంచు సర్దింది.

"నీ ఫోను పెట్టేసినాక తిన్నా పుష్పా. పులుసు. ముందరే ఉండింది. చల్లారిపోతుందని."

పుష్పకుమారి కిటికీ దగ్గరికి పోయి, కడిగిన క్యారియరు గిన్నెలనే మళ్ళీ కడగడానికి తీసుకుపోయింది.

"పులుపు దేంతో వచ్చింది? చింతపండా?" అని మంచం మీంచి వినపడింది.

"కాదత్తా. నిమ్మకాయ."

"రొయ్య గట్టిపడిందా?"

"లేదత్తా. లేతగా, తియ్యగా ఉండింది" అని చెబుతూ భానుప్రియ ఏడ్చింది. మాలకొండమ్మ గుటక వేసింది. ఆ వారంలోనే ఇంటికి పంపించేశారు.

ఇంటికొచ్చాక ఒకనాడు పొయ్యి దగ్గర నిలబడి ఆ బొప్పాయి రుచి తలుచుకోబోతే భానుప్రియకి ఏమీ తట్టలేదు. చేప, రొట్టె, పులుసు, ఏదీ లేదు. పేర్లున్నాయి, రుచులు లేవు. పోనీలే, చేసినదానికి ఇదే తగును అనుకుంది.

ఎదురింటి రెబెక్కమ్మ పరామర్శకి వచ్చింది. ప్రార్థన చేసి, మంచం పక్కన కూర్చుంది. భానుప్రియ గడప దగ్గర బియ్యం చేట ముందు పెట్టుకుని రాళ్ళు ఏరుతోంది.

"నేను బ్యాంకాక్ పోయినప్పుడు..." అని మొదలుపెట్టింది మాలకొండమ్మ.

"అట్టనా వదినా! ఏం తిన్నావు అక్కడ?" అంది రెబెక్కమ్మ. మాలకొండమ్మ ఈమధ్య అల్లూరు దాటిపోయింది ఆస్పత్రికే అని ఆమెకీ తెలుసు. అయినా చెప్పే మనిషి ముఖం చూస్తే పోయొచ్చినట్టే ఉంది.

మాలకొండమ్మ అన్నీ చెప్పింది. వెన్నలా జారిన చేప, తీగలా సాగిన రొట్టె. చెప్పేటప్పుడు ఆమె చెంపలు నిగనిగలాడాయి. పులుసు దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గిపోయింది.

"అది తినకుండా ఉండాల్సింది రెబెక్కా. ఇంట్లో ముసలిమనిషికి మాట తడబడతా ఉందని ఫోనొచ్చింది. లేచి పోకుండా, చల్లారిపోతుందని తిన్నా." పైట చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. "అప్పట్నించీ నాకు నిద్ర పట్టట్లా. దేవుడు క్షమిస్తాడంటావా?"

రెబెక్కమ్మ భానుప్రియ వైపు చూసింది.

భానుప్రియ చేట పక్కకి జరిపి లేచింది. మంచం దగ్గరికి పోయి అత్త కాళ్ళ దగ్గర కూర్చుంది. ఆ మాటలన్నీ తన లోపల కూడా ఉన్నాయి, రుచులు పోయినట్టు ఒక్కటీ పోలేదు.

"ఏడవబాకత్తా" అంది. "ఆకలి మీద ఉన్నావు. ఆకలికి తిన్నావులే."

మాలకొండమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఆకలి కాదు మే," అంది. "రుచి."