నా రెండు బ్యాటరీలు

నేను ఒక నీళ్ల టైమరుని. పేరు విని గొప్పగా ఊహించుకోకండి, కొబ్బరికాయంత కూడా ఉండను. కుళాయి మెడకి నన్ను తగిలించి, పొట్టలో రెండు పెన్సిల్ బ్యాటరీలు పెడితే చెప్పిన వేళకి టక్కుమని తెరుచుకుంటాను, చెప్పిన వేళకి మూసుకుంటాను. నాకొచ్చిన విద్య అంతే. ఆ పాటి విద్య కూడా లేని మనుషుల దగ్గర రెండేళ్లు కొలువు చేశాను కాబట్టి నాలుగు మాటలు అనే హక్కు నాకుందనుకుంటాను.

ఏదో ఫ్యాక్టరీలో, నాలాంటి వేలమంది మధ్య పుట్టాను. అక్కడ ఓ అమ్మాయి నన్ను చెవి దగ్గర పెట్టుకుని, నా టక్కు విని, తలూపి అట్టపెట్టెలో పడేసింది. ఆ పెట్టె మీద ఓ బొమ్మ ఉండేది. మొగుడూ పెళ్లాం కుర్చీల్లో కూర్చుని కాఫీ తాగుతుంటారు, చుట్టూ పచ్చటి మొక్కలు. ఆ బొమ్మ చూసి నేనూ నమ్మేశాను, ఏం చెప్పను నా తెలివి!

కడియంలో నర్సరీ నడిపే గంగరాజు నన్ను కొని రాజమండ్రిలో ఓ డాబా ఇంటికి తీసుకొచ్చాడు. ఆ ఇంటావిడ హైమవతి పెద్దాసుపత్రిలో నర్సు. ఒక వారం పగలు డ్యూటీ, ఒక వారం రాత్రి డ్యూటీ. ఆమె భర్త ముత్యాలరావు ఎరువుల కంపెనీ మనిషి. మోటారుసైకిలు మీద ఊళ్లు తిరిగి, రోజూ చేను చూసుకోండయ్యా, చూడకపోతే పంట దక్కదు అని రైతులకి చెప్పడం ఆయన ఉద్యోగం. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

"మాకు తీరిక లేదు గంగరాజుగారూ. మేం పట్టించుకోకపోయినా బతికే తోట కావాలి," అన్నాడు ముత్యాలరావు.

"ఆయ్, దానికేవుందండి బాబూ!" అని గంగరాజు డాబా అంతా కలియదిరిగి లెక్క చెప్పాడు. చిన్న కుండీలు వద్దు, ఊరికే ఎండిపోతాయి. పెద్దవి నాలుగైదు చాలు. కలబంద, అడీనియం, నందివర్ధనం, ఒక కరివేపాకు. మట్టి మీద దట్టంగా కొబ్బరిపీచు పరిస్తే తడి ఆరదు, కలుపు మొలవదు. సన్నగొట్టాలతో బొట్టుబొట్టుగా నీళ్లు. వాటన్నిటికీ పెద్దరికం నాది. అరచేతిలో వైకుంఠం చూపించాడనుకోండి. చివర్లో మాత్రం ఓ మాట అన్నాడు. "వారానికో మారు పైకెక్కి ఓ చూపు చూసుకోవాలండి. గొట్టం పూడుకుపోవచ్చు, బ్యాటరీ అయిపోవచ్చు. అదొక్కటీ మర్చిపోకండేం." అన్నీ విన్నవాళ్లు ఆ ఒక్క మాటా వినలేదు.

అప్పుడు హైమవతి కిందికెళ్లి ఓ పాత పెయింటు డబ్బా పట్టుకొచ్చింది. అందులో జానెడు బొండుమల్లె మొక్క.

"మల్లె వద్దండి మేడంగారూ. దానికి చాకిరీ ఎక్కువండి. మాఘమాసంలో ఆకు దూయాలి, కొమ్మ కత్తిరించాలి, ఎండల్లో రెండు పూటలా తడపాలి. మీ బోటి తీరిక లేనివాళ్లకి కుదిరే మొక్క కాదండది," అన్నాడు గంగరాజు.

"మిగతావన్నీ మీ ఇష్టం. ఇది మాత్రం ఉండాలి," అంది హైమవతి.

ఆ మొక్క కథ తర్వాత ఆమె నోటనే విన్నాను. తల్లి పోయాక ఆమెని పెంచింది అక్క మాణిక్యం. మండపేటలో అక్క పెరట్లో ఉండేదట ఆ మల్లెపొద. వేసవి వస్తే అక్క రోజూ సాయంత్రం మొగ్గలు కోసి, మాల కట్టి, చెల్లెలి జడలో పెట్టాకే తను పెట్టుకునేదట. జబ్బు చేసి అక్క పోయింది. పెద్దకర్మ నాడు హైమవతి ఓ కొమ్మ విరిచి, తడిగుడ్డ చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకుంది. ఆ తర్వాత ఇల్లు అమ్మేశారు, కొన్నవాళ్లు పెరడంతా చదును చేసి సిమెంటు పోశారు. అక్కది అంటూ ఈ భూమ్మీద మిగిలింది ఆ జానెడు మొక్కే.

నేను నా పని చేశాను. పొద్దున్న ఆరింటికి, సాయంత్రం ఆరింటికి. వాన కురుస్తున్నా తెరుచుకునే మూర్ఖత్వం నాకుంది, ఒప్పుకుంటాను. మొదట్లో వాళ్లిద్దరూ కాఫీ గ్లాసులతో పైకొచ్చేవారు. నీళ్లు పోయనక్కర్లేదని తెలిశాక రావడం తగ్గించారు, ఆపైన మానేశారు. నేను మిగిల్చిపెట్టిన తీరికంతా ఫోన్లకీ టీవీకీ ధారపోశారు. పెట్టె మీద బొమ్మలో కుర్చీలు ఎందుకు వేశారో నాకిప్పటికీ తెలీదు.

రెండో మాఘంలో మాత్రం హైమవతి ఒక్కతే వచ్చింది. డ్యూటీ చీర కూడా మార్చలేదు. పీట వేసుకుని కూర్చుని, పొదగా ఎదిగిన ఆ మల్లెకి ఆకాకూ దూసింది. "ఈ ఏడు విరగబూయాలక్కా. నీ సంవత్సరీకానికి నీ పూలే నీ ఫొటోకి వేస్తాను," అంది. మే నెల ఇరవయ్యో తారీకు అట. నాకు తారీకులు తెలీవు, ఆరింటికి తెరుచుకోవడమే తెలుసు. అయినా ఆ రోజు నుంచీ నాకూ ఆశ పుట్టింది.

మే నెల వచ్చేసరికి కొమ్మకొమ్మకీ బియ్యపు గింజలంత మొగ్గలు. ఎండలు మండుతున్నాయి. సరిగ్గా అప్పుడే, ఓ సాయంత్రం, కింద టీవీలో క్రికెట్ జరుగుతుండగా రిమోటు పనిచేయడం మానేసింది. ముత్యాలరావు రెండేసి మెట్లెక్కుతూ వచ్చి, నా పొట్ట విప్పి, రెండు బ్యాటరీలూ లాక్కున్నాడు. "ఓ గంటలో పెట్టేద్దాంలే," అన్నాడు. నాతోనే అన్నాడేమో, అక్కడ ఇంకెవరూ లేరు.

ఆ గంట పదకొండు రోజులైంది.

బ్యాటరీలు లేకపోతే నాకు చేతులు కట్టేసినట్టే గానీ కళ్లు పొడిచినట్టు కాదు. అన్నీ చూశాను. మూడో రోజు మల్లె ఆకులు వాలాయి. ఆరో రోజు మొగ్గలు ఎర్రబారి రాలడం మొదలెట్టాయి. నా వెనకే కుళాయి నిండా నీళ్లు! ఎంత ఏడ్చానో నాకే తెలుసు. కలబంద మాత్రం చెక్కుచెదరలేదు. ఆసుపత్రిలో వడదెబ్బ కేసులు ఎక్కువై హైమవతి డబుల్ డ్యూటీలు చేస్తోంది. తోటని నేను చూసుకుంటున్నానని ఆమె ధైర్యం.

సంవత్సరీకానికి ముందురోజు సాయంత్రం ముత్యాలరావు ఫోను మాట్లాడుకుంటూ పైకొచ్చాడు. మల్లెని చూశాడు. కిందికి పరుగెత్తి, రిమోట్లోంచి బ్యాటరీలు పీకి తెచ్చి నాలో కుక్కాడు. బకెట్టుతో నీళ్లు కుమ్మరించాడు. కొమ్మ వంచితే పుటుక్కుమని విరిగింది.

తెల్లారి హైమవతి తలస్నానం చేసి, పూలసజ్జ పట్టుకుని వచ్చింది. పొద ముందు నిలబడిపోయింది.

"ఈ టైమరు దెబ్బకొట్టింది హైమా. మాయదారి సరుకు, పాడైపోయినట్టుంది," అన్నాడు ముత్యాలరావు వెనకనుంచి.

ఆమె నా దగ్గరకొచ్చి వంగి చూసింది. నా గడియారం పన్నెండు దగ్గర ఆరుతూ వెలుగుతూ ఉంది. ఆసుపత్రిలో రోజూ యంత్రాల మొహాలు చదివే మనిషి ఆమె.

"పాడైతే పన్నెండు చూపించదండీ. బ్యాటరీలు తీసి పెడితేనే ఇలా చూపిస్తుంది," అంది.

ఆమె అరుస్తుందని నేననుకున్నాను, తిడుతుందని ఆశపడ్డాను కూడా. ఆమె సజ్జ కింద పెట్టి, ముందు నా గడియారం సరిచేసింది. అప్పుడు అంది. "మీరు తీశారు. సరే. ఇన్ని రోజులూ నేనూ మెట్లెక్కలేదుగా."

ఆ రోజు అక్క ఫొటోకి బజారు పూలే వేశారు.

నెల్లాళ్లు ఆమె రోజూ వచ్చి ఆ మోడుకి చెంబుతో నీళ్లు పోసింది. ఇన్నాళ్లూ లేని తీరిక ఎక్కణ్ణుంచి వచ్చిందో మరి. మోడు చిగురించలేదు. ముప్పయ్యో రోజున చెంబు అక్కడే బోర్లించి, నన్ను కుళాయి నుంచి ఊడదీసింది.

పాత ప్లాస్టిక్ సామాన్లకి వెల్లుల్లి ఇచ్చే బండి వీధిలోకి వచ్చినప్పుడు ముత్యాలరావు నన్ను తీసుకెళ్లాడు. "పాడైపోయింది, పట్టుకుపో," అని బండివాడితో అంటూ, అలవాటుగా నా పొట్ట మూత మీద గోరు పెట్టాడు.

"పాడవలేదు," అంది గుమ్మంలోంచి హైమవతి. "ఆ బ్యాటరీలు తియ్యకండి. అలాగే ఇచ్చెయ్యండి."

ఇప్పుడు నేను ఓ షెడ్డులో, విరిగిన బకెట్ల కింద ఉన్నాను. బ్యాటరీలు ఇంకా నాలోనే ఉన్నాయి. పొద్దున్న ఆరింటికి టక్కుమని తెరుచుకుంటాను. అరగంటకి మూసుకుంటాను.